అరకులో సొంతిల్లు కుదిరే పనేనా? రిటైరైనవాళ్ల కల, 1/70 చట్టం, కొండ కింది లెక్కలు

విశాఖలో ప్రతి నెలా స్టీల్ ప్లాంట్ నుంచో, పోర్టు నుంచో, డాక్‌యార్డు నుంచో, రైల్వే నుంచో కొన్ని కుటుంబాలు రిటైర్మెంటు డబ్బు చేతపట్టుకుని బయటికొస్తాయి. పిల్లలు దూరంగా ఉంటారు. ఫ్లాట్‌లో ఏప్రిల్ ఉక్కపోత, కిటికీ తీస్తే లారీల దుమ్ము. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక ఫొటో దిగుతుంది: పసుప్పచ్చగా విరబూసిన వలిసె చేను, వెనక మంచు కప్పుకున్న కొండ, కింద ‘అరకులో ఫామ్ ప్లాట్లు, 20 సెంట్లు, అగ్రిమెంటు చేయిస్తాం’ అన్న అక్షరాలు.

1/70 అనే చట్టం ప్రకారం గిరిజనేతరులెవరూ అరకులో భూమి కొనలేరు. అసలు సమాధానం అంతే. అయినా దాని చుట్టూ చాలా చిక్కుముళ్లున్నాయి. మరి అక్కడ అన్ని రిసార్టులు ఎలా ఉన్నాయి? లీజుకు తీసుకుంటే తప్పేంటి? తెలిసినవాళ్ల పేరున కొంటే? అసలు అరవై దాటాక ఆ కొండ మీద ఉండటం ఒంటికి మంచిదేనా? ఒక్కోటీ విడదీసి చూద్దాం.

చల్లదనం ఎంత, ఎందుకు

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీలు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 0.9ని 6.5తో గుణిస్తే దాదాపు 6. అంటే విశాఖలో 35 డిగ్రీలున్న మధ్యాహ్నం అరకులో 29 దగ్గర ఉంటుంది. అంకెలో ఆరే కానీ ఒంటికి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. తీరంలో గాలి నిండా తేమ, పట్టిన చెమట ఆరదు. కొండ మీద ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది, చెమట ఇట్టే ఆరి ఒళ్లు చల్లబడుతుంది.

అదే కొండల్లోని లంబసింగి ఊరి లెక్క వేరు. అదీ సుమారు 1000 మీటర్ల ఎత్తే. జనవరి తెల్లవారుజామున విశాఖలో 18 డిగ్రీలు అనుకుంటే, ఎత్తు లెక్కన లంబసింగిలో 11 లేదా 12 ఉండాలి. కానీ కొన్ని రోజుల్లో అక్కడ పాదరసం సున్నా దగ్గరికి దిగుతుంది. మిగతా పది డిగ్రీలూ ఎక్కడికి పోయాయి? మబ్బులేని పొడి రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి, గిన్నెలాంటి పల్లంలో నిలబడిపోతుంది. సముద్రం దూరం కాబట్టి దాన్ని కదిలించే గాలీ ఉండదు. అందుకే వాలు మీద ఇంటికంటే పల్లంలో గుడారానికే చలెక్కువ. గుడారం ఎక్కడ వేయించుకోవాలో ఎంచుకునేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇది.

పెద్దవాళ్లకు ఎత్తు వల్ల ఇబ్బంది ఉండదు. కొండ జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాకే వస్తుంది. ఇబ్బంది పెట్టేది తెల్లవారుజామున చలి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి అందదు. వాకింగ్ ఎండ తగిలాక చెయ్యాలి. బస చేసిన గదిలోకి కుంపటి తెప్పించుకుని తలుపులు మూసి పడుకోవడం అన్నిటికంటే ప్రమాదం. బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి ఆరుబయటే ఉండాలి, లోపల ఇంకో దుప్పటి అడగాలి.

మన్యం, ఏజెన్సీ, షెడ్యూల్డ్ ప్రాంతం: మూడు మాటల తేడా

మన్యం అన్నది జనం పలికే పేరు, అడవీ కొండా ఉన్న సీమ అని. ఏజెన్సీ అన్నది బ్రిటిష్ కాలపు మాట. ఆ ప్రాంతాల్లో మామూలు చట్టాలు కాకుండా, కలెక్టరు ‘ఏజెంట్’ హోదాలో పాలన నడిపేవాడు. షెడ్యూల్డ్ ప్రాంతం అన్నది రాజ్యాంగంలోని మాట. 244వ అధికరణం, అయిదో షెడ్యూలు కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రకటించిన ఊళ్లు ఇవి. కొనుగోలుకు లెక్కలోకొచ్చేది ఈ మూడో మాట ఒక్కటే.

పాత విశాఖ జిల్లాలో అలాంటి మండలాలు పదకొండు: అనంతగిరి, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, జి.కె.వీధి, కొయ్యూరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇవి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. లంబసింగి చింతపల్లి మండలంలోది, బొర్రా అనంతగిరిలోది. ‘లంబసింగిలో అయితే పర్వాలేదు, అరకులోనే కుదరదు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు చోట్లా ఒకటే చట్టం.

పేర్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. జి.మాడుగుల కొండ మీద షెడ్యూల్డ్ మండలం. వి.మాడుగుల కొండ కింద అనకాపల్లి జిల్లాలోది, హల్వాకు పేరుపడ్డది, షెడ్యూల్డ్ కాదు. ప్రకటనలో ‘మాడుగుల’ అని మాత్రమే ఉంటే ఏ మాడుగులో ముందు అడగాలి.

1/70లో అసలు ఏముంది

మన్యంలో భూమి చేతులు మారకుండా చూసే నియమాలకు చాలా చరిత్ర ఉంది. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలను వేరుగా పాలించడానికి 1839లోనే చట్టం వచ్చింది. వడ్డీకి అప్పిచ్చి పొలం రాయించుకోవడం పెరిగాక, 1917లో మద్రాసు ప్రభుత్వం భూబదిలీ చట్టం తెచ్చింది. అడవి మీద ఆంక్షలకూ, వెట్టికీ ఎదురు తిరిగి 1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసింది ఈ కొండల్లోనే. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. అందులో ఒక సందు మిగిలింది: ఏజెంటు అనుమతితో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనొచ్చు. ఇద్దరు గిరిజనేతరుల మధ్య అమ్మకానికి అడ్డే లేదు. ఆ సందుల్ని మూసిన సవరణ 1970లో వచ్చిన మొదటి నిబంధన. అందుకే జనం దాన్ని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది.

దాని సారం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని ఎవరు అమ్మినా, అమ్మేది గిరిజనుడైనా కాకపోయినా, కొనేది గిరిజనుడే అయి ఉండాలి, లేదా అందరూ గిరిజనులే సభ్యులైన సహకార సంఘం అయి ఉండాలి. లేకపోతే ఆ బదిలీ మొదటి నుంచీ చెల్లదు. రెండు, అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఆస్తి కనబడితే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ గిరిజనేతరుడిదే. మూడు, ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, ఆస్తికి సంబంధించిన ఒప్పందం, అన్నీ అందులోకి వస్తాయి. 1978 సవరణ ఇలాంటి పత్రాల రిజిస్ట్రేషన్‌ను ఆపింది, ఉల్లంఘనను నేరం చేసింది. ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది.

ఆ తర్వాత అందరూ ‘సమత తీర్పు’ అని చెప్పుకునేది వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఏమందంటే, నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. అంటే ప్రభుత్వం తన సొంత భూమిని కూడా అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. ‘సర్కారు స్థలమే కదా, లీజు తెప్పిస్తాం’ అని చెప్పే మధ్యవర్తి మాట ఆ తీర్పు దగ్గరే ఆగిపోతుంది.

మరి ఉన్న రిసార్టుల మాటేమిటి? కొన్ని ప్రభుత్వ పర్యాటక సంస్థవి. కొన్ని గిరిజనుల సొంతం. కొన్ని నిబంధన రాకముందు నుంచీ హక్కు ఉందని రుజువు చూపగలిగిన కుటుంబాలవి. మిగతావి ఉల్లంఘనలు, ఏదో ఒక రోజు ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కోర్టులో జవాబు చెప్పుకోవాల్సినవి. ఒక కట్టడం పదేళ్లుగా నిలబడి ఉన్నంత మాత్రాన దానికి హక్కు వచ్చినట్టు కాదు.

‘అగ్రిమెంటు చాలు’ అన్న మాటను డబ్బుతో కొలిస్తే

ఒక ఉదాహరణ వేసుకుందాం. రిటైరైన ఉద్యోగి ఒకాయన 20 సెంట్లకు 10 లక్షలిచ్చి, తెలిసిన గిరిజన యువకుడి పేరున స్థలం కొనిపించి, దాని మీద 20 లక్షలతో డాబా కట్టారు. ఆయన చేతిలో వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు, ఒక జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నాయి. మొత్తం 30 లక్షలు.

ఇప్పుడు ఆ యువకుడు ఖాళీ చేయమంటే? కోర్టుకు వెళ్లి అగ్రిమెంటు చూపిస్తే, చట్టం చెల్లదన్న ఒప్పందాన్ని అమలు చేయమని అడిగినట్టవుతుంది. అతను కాదనకపోయినా, ఊళ్లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారణ మొదలవుతుంది. డబ్బు తనదే అని ఆయన నిరూపిస్తే అది బినామీ లావాదేవీ అని తానే ఒప్పుకున్నట్టు. 2016లో సవరించిన బినామీ చట్టం కింద ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు ఉన్నాయి. నిరూపించకపోతే ఇల్లు ఆ యువకుడిది. ఎటు తిరిగినా 30 లక్షలూ ఆయనవి కావు. ఆ యువకుడికీ మేలు జరగదు. అతని పేరు మీద కేసు నడుస్తుంది, అతని భూమే చిక్కులో పడుతుంది.

‘వీలునామా రాయిస్తాం, వీలునామా బదిలీ కిందికి రాదు’ అనేవాళ్లూ ఉన్నారు. నిర్వచనంలో వీలునామాను మినహాయించిన మాట నిజమే. అయితే రాసినవాడు బతికున్నంతకాలం వీలునామాను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. డబ్బు ముందే ఇచ్చి, రేపు రద్దయ్యే కాగితం చేతిలో పెట్టుకోవడం ఏ లెక్కనా కొనుగోలు కాదు. అటవీ హక్కుల పట్టాల సంగతి ఇంకా స్పష్టం. 2006 చట్టం కింద ఇచ్చిన హక్కు వారసులకు పోతుంది తప్ప ఎవరికీ అమ్మడానికి లేదు. గిరిజనులు కూడా దాన్ని కొనలేరు.

రెండు వైపుల మాట

1/70ని సడలించాలనేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. పెట్టుబడి రానిదే మంచి హోటళ్లు, ఉద్యోగాలు రావంటారు. భూమికి బయట ధర పలకదు కాబట్టి గిరిజన రైతు తన ఆస్తి విలువను వాడుకోలేకపోతున్నాడంటారు. తరాలుగా అక్కడే ఉన్న గిరిజనేతర కుటుంబాలు తమ ఇంటిని అమ్ముకోలేని స్థితిలో ఉన్నాయన్నదీ నిజమే. వాళ్లకు గిరిజన కొనుగోలుదారు దొరక్కపోతే ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసుకునే దారి నిబంధనలో ఉంది.

ఆదివాసీ సంఘాల జవాబు చరిత్ర లోంచి వస్తుంది. అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చిన ప్రతిసారీ భూమి అప్పుల్లో పోయింది, 1917 చట్టం అందుకే వచ్చిందంటారు. 2025 మొదట్లో పర్యాటక పెట్టుబడుల సమావేశంలో 1/70 సవరణ మాట బయటికొస్తే, ఫిబ్రవరిలో మన్యం రెండు రోజులు బంద్ పాటించింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. బ్యాంకు రుణం దొరకదన్న వాదనకు నిబంధనలోనే కొంత జవాబుంది. గిరిజన రైతు బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవచ్చు, బాకీ పడితే వేలంలో కొనేది మళ్లీ గిరిజనుడే కావాలి.

ఈ రెండు వాదనల మధ్య ఒక సంగతి మాత్రం కళ్లెదుటే ఉంది. మనం ఫొటో తీసుకునే వలిసె చేను, సిల్వర్ ఓక్ నీడన మిరియాల తీగతో పాటు ఎదిగే కాఫీ మొక్క, ఇవన్నీ చిన్న గిరిజన కమతాలే. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన అరకు అరబికా ఆ కమతాల పంటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను గాలికి నీడ చెట్లు కూలి కాఫీ ఎండకు మాడినప్పుడు నష్టపోయిందీ ఆ రైతులే. 20 సెంట్ల చొప్పున గేట్లూ ప్రహరీలూ లేస్తే, వెనక కొండ మిగులుతుందేమో కానీ ముందున్న చేను మిగలదు. నా లెక్కలో ఇది భావావేశం కాదు. సందర్శకుడు దేనికోసం 110 కిలోమీటర్లు వస్తున్నాడో అదే పోతుంది.

అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే

చట్టం పక్కన పెట్టి, ఇల్లు ఎవరో ఉచితంగా ఇచ్చారనే అనుకుందాం. అరవై అయిదేళ్ల మనిషికి ఆ ఇల్లు ఏడాది పొడుగునా ఎలా ఉంటుందో దూరమే చెబుతుంది.

రాత్రి 12కి ఛాతీలో నొప్పి మొదలైంది. గుర్తించి, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేసరికి 40 నిమిషాలు. అరకు నుంచి శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా 60 కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం ఘాట్. మంచులో రాత్రిపూట గంటకు 30 కిలోమీటర్లు దాటడం కష్టం, రెండు గంటలు. ఎస్.కోట నుంచి విశాఖ 50 కిలోమీటర్లు, ఇంకో గంట. పెద్దాసుపత్రి గుమ్మం తొక్కేసరికి 4 దగ్గర పడుతుంది. గుండెపోటులో రక్తపు గడ్డ కరిగించే మందు మొదటి మూడు గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. పక్షవాతానికి ఆ మందు ఇవ్వడానికి గడువు నాలుగున్నర గంటలు. అందులోనే సీటీ స్కాన్ కూడా అవ్వాలి.

పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి కొండ మీద వైద్యం మునుపటికంటే దగ్గరైంది. అయినా ఇప్పటికే స్టెంట్ వేయించుకున్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు నెలల తరబడి అక్కడ ఉండటం తెలిసి తెలిసి ప్రమాదంలో పడటమే. దారిలేని ఊళ్ల నుంచి నేటికీ గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొచ్చే సీమ అది. అక్కడి వైద్యం ముందు అందాల్సింది వాళ్లకు. వానాకాలంలో మలేరియా భయం వేరే. దోమతెర లేని బసలో రాత్రి ఉండొద్దు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే, అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే ఆయన మామూలు జ్వరమనుకుని మలేరియా పరీక్ష రాయకపోవచ్చు.

గోస్తనీ వెంట కిందికి దిగితే

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా దగ్గర సున్నపురాతిని కోసుకుని, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ గాలి కావాలి, ఆసుపత్రీ కావాలి అనుకునేవాళ్లు ఆ నది దారినే చూడొచ్చు. ఎస్.కోట, తాటిపూడి పరిసరాలు, ఇటు దేవరాపల్లి, చోడవరం, వి.మాడుగుల, చివర భీమిలి. ఇవి మైదానం, ఇక్కడ కొనుగోలుకు 1/70 అడ్డు రాదు. చల్లదనం మాత్రం కొండ మీదంత ఉండదు. పాదం దగ్గర ఊళ్లలో తెల్లవారుజాము హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ విశాఖలాగే కాస్తుంది.

ఎస్.కోట నుంచి ఆసుపత్రికి గంటంబావు, భీమిలి నుంచి గంటలోపు. అరకుతో పోలిస్తే రెండున్నర గంటలు చేతిలో మిగులుతాయి.

మైదానంలో చిక్కులు వేరే రకం. కొండవాలు ఊళ్లలో చాలా భూమి ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా. 1977 చట్టం కింద అలాంటి అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. 20 ఏళ్లు దాటిన పట్టాలకు హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది కానీ, మీరు చూడాల్సింది ఒక్కటే: ఆ సర్వే నంబరు, రిజిస్ట్రేషను కుదరని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఇంకా ఉందా లేదా. ఉంటే బయానా కూడా ఇవ్వొద్దు. ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీని కనీసం 30 ఏళ్లకు తీయించాలి. రెవెన్యూ రికార్డులైన 1-బి, అడంగల్‌లో పేరు, దస్తావేజులో పేరు ఒకటి కావాలి. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) పట్టుకుని హద్దులు కొలిపించాలి. కొండవాలులో కాగితం మీద 50 సెంట్లు నేల మీద 42 కావడం, మిగతా ఎనిమిదీ గెడ్డలోకో అటవీ హద్దులోకో పోవడం అరుదేమీ కాదు. ‘ఫామ్ ప్లాట్’ అని అమ్మేవి ఎక్కువగా వ్యవసాయ భూమిని ముక్కలు చేసినవి. లేఅవుటుకు అనుమతి లేకపోతే ఇంటి ప్లానూ రాదు, బ్యాంకు రుణమూ రాదు. ఇంకో జాగ్రత్త: మైదానంలో కూడా గిరిజన గూడేలున్నాయి, అవి షెడ్యూల్డ్ జాబితాలో లేవు, చేర్చమని చాలాకాలంగా అడుగుతున్నారు. అక్కడ నిబంధన వర్తించదని చెప్పి అమ్మజూపే భూమి చాలావరకు డి-పట్టాదో అటవీ హక్కుదో అయి ఉంటుంది.

భీమిలిలో సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఇంటి స్థలం ఆ గీతకు ఎంత దూరమో కాగితం మీద చూపించమనాలి. ఉప్పుగాలికి ఇనుప గ్రిల్లు రెండేళ్లలో పొలుసులు రాలుతుంది, ఏసీ బయటి యూనిట్ తినేస్తుంది, స్లాబులో చువ్వకు కాంక్రీటు కప్పు పల్చగా వేస్తే పగుళ్లు తేలతాయి. బోరు వేసేముందు పక్కింటి బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే మీ బోరూ అంతే.

ఇల్లు లేకుండా అరకులో ఉండటం

పైన చెప్పిన 30 లక్షలనే మళ్లీ తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వ పెద్దల పొదుపు పథకంలో (ఎస్‌సీఎస్‌ఎస్) ఒకరు పెట్టగలిగే గరిష్ఠ మొత్తం అదే. 8.2 శాతం లెక్కన ఏడాదికి 2,46,000, మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. పన్ను తీసేయకముందు లెక్క ఇది. కొండ మీద గది, భోజనం కలిపి రోజుకు 3,000 అనుకుంటే 82 రోజులు. అసలు అలాగే ఉంటుంది. ఇల్లు ఊడ్పించక్కర్లేదు, కాపలా పెట్టక్కర్లేదు, కోర్టు మెట్లెక్కక్కర్లేదు. అతిథిగా గదిలో ఉండటం ఆస్తి బదిలీ కాదు కాబట్టి 1/70తో తగువు లేదు. గిరిజన కుటుంబం సొంతంగా నడిపే హోమ్‌స్టే అయితే ఆ డబ్బు భూమి ఉన్నవాళ్లకే చేరుతుంది. బస ఎవరిదని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఏం చూడాలన్నదాన్ని బట్టి ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా కటికి జలపాతం, చాపరాయి వాగు నిండుగా ఉంటాయి కానీ జారుడు, జలగలు, దారి మూతలు ఎదురవుతాయి. నవంబరులో వలిసె పూలు. నవంబరు చివరి నుంచి కాఫీ పండు కోత. ఎర్రగా పండినవి మాత్రమే వేలితో తిప్పి తెంపుతారు. పచ్చివి కలిస్తే కాఫీ వగరెక్కుతుంది, రైతుకు ధర తగ్గుతుంది. అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు వస్తారు. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో వంజంగి కొండ, లంబసింగి వైపు వెళ్తే మంచుకంటే కార్ల వరుసే ఎక్కువ కనబడుతుంది. పెద్దవాళ్లకు సోమవారం నుంచి గురువారం దాకా మేలు. ఎండ తప్పించుకోవడానికి కొండ ఎక్కాలనుకునేవాళ్లు ఏప్రిల్‌ను వదలొద్దు. గదులు చవక, కాఫీ తోటల్లో తెల్లపూల వాసన ఆ నెల చివరి దాకా అక్కడక్కడా తగులుతుంది.

ప్రయాణానికి వాంతులయ్యేవాళ్లకు రైలే మంచిది. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరు దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసిన లైను ఇది. బొద్దవర దాటాక సొరంగాలు మొదలవుతాయి, టైడా, బొర్రా గుహలు దాటి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడకు ఎక్కి, అక్కడి నుంచి అరకుకు దిగుతుంది. 2017 ఏప్రిల్‌లో అద్దాల విస్టాడోమ్ పెట్టె వచ్చింది. సీజనులో దాని టిక్కెట్లు ముందే అయిపోతాయి. వానాకాలం, తుపాను రోజుల్లో కొండచరియలు పట్టాల మీద పడితే రైలు ఆగిపోతుంది, తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి. గుండె మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువ తీసుకెళ్లాలి.

కారులో వెళ్లేవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కిందో దిగేటప్పుడు అదే గేరులో దింపాలి, రెండో గేరు లేదా మూడోది. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీదే కాలు నొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది, బ్రేక్ ఆయిల్ మరిగి పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. మాడిన వాసన వస్తే వెడల్పు చోట ఆపి, చక్రం ముందు రాయి పెట్టి, అరగంట ఆరనివ్వాలి. వేడి డిస్కు మీద నీళ్లు పోస్తే అది వంకరపోతుంది. మలుపు దగ్గర హారన్ కొట్టి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మంచు పట్టినప్పుడు హైబీమ్ వేస్తే ఎదుట తెల్లగోడే కనబడుతుంది, లోబీమ్ చాలు. సాయంత్రం నాలుగుకల్లా అరకులో బయలుదేరితే చీకటి పడేలోగా ఎస్.కోట చేరొచ్చు.